త్రీ ఫిఫ్టీన్ కథ: మన షికారుదార్ల మొదటి రైఫిలు

కలెక్టరు కచేరీలో మెజిస్టీరియల్ సెక్షను చూసిన మన సభ్యులకు ఆయుధ లైసెన్సుల రిజిస్టరు గుర్తుండే ఉంటుంది. పన్నెండు బోరు తుపాకుల వరుస దాటి రైఫిళ్ల దగ్గరికి వస్తే పదే పదే కనిపించే అంకె ఒకటే: .315. వాడుకలో “త్రీ ఫిఫ్టీన్”. దరఖాస్తుదారు మోతుబరి రైతు అయినా, మాజీ జమీందారు అయినా, కాంట్రాక్టరు అయినా అదే అంకె. ఇంతమందికి ఒకే బోరు ఎందుకు నచ్చిందన్న సందేహం ఆ కాగితాలు పుటప్ చేసే రోజుల్లో ఎవరికీ వచ్చి ఉండదు. తీరిక దొరికాక చదివి చూస్తే, దాని వెనుక నూరేళ్లకు మించిన చరిత్ర ఉంది.

అమెరికాలోనో జర్మనీలోనో వేటకు దిగేవాడు మొదటి రైఫిలు కొనేటప్పుడు ఏ జంతువు, ఎంత దూరం, తన భుజం ఎంత తన్ను ఓర్చుకోగలదు అని ఆలోచించి బోరు ఎంచుకుంటాడు. మన దేశంలో ఆ ఎంపికలో పెద్ద భాగాన్ని సర్కారువారే ముందుగా చేసిపెట్టారు. అదీ అడవిని చూసి కాదు, తిరుగుబాటు భయంతో.

ముందుగా ఒక సాంకేతిక విషయం. నాటు తుపాకీలో మందు, గుండు, గుడ్డపీలిక విడివిడిగా గొట్టంలోకి కూరాలి. తూటాలో ఇవన్నీ ఒక లోహపు గొట్టిలో ఇమిడి ఉంటాయి. ఆ గొట్టి అడుగున నిప్పు రగిల్చే పదార్థం అంచు చుట్టూ ఉంటే అది రిమ్‌ఫైర్. మనం ఎరిగిన .22 ఆ కోవది. సరిగ్గా నడిమధ్యన చిన్న టోపీలో ఉంటే అది సెంటర్‌ఫైర్. అంచు తూటా లోహం పలుచన, ఎక్కువ ఒత్తిడికి ఆగదు. పిట్టలకూ కుందేళ్లకూ సరి. పెద్ద జంతువుకు సెంటర్‌ఫైరే కావాలి. 1866లో ఇంగ్లండులో బాక్సర్, అమెరికాలో బెర్డన్ అనే సైనికాధికారులు ఈ టోపీకి రెండు వేర్వేరు పద్ధతులు కనిపెట్టారు. తమాషా ఏమంటే, ఇంగ్లీషువాడి పద్ధతి అమెరికాలోనూ, అమెరికావాడి పద్ధతి యూరపులోనూ స్థిరపడ్డాయి.

ఆ తూటాలు మన దేశానికి వచ్చేసరికి 1857 జ్ఞాపకం దొరలకు ఇంకా పచ్చిగానే ఉంది. 1878లో లిట్టన్ వైస్రాయిగా ఉండగా ఆయుధాల చట్టం వచ్చింది. భారతీయుడికి లైసెన్సు తప్పనిసరి, యూరోపియనుకు మినహాయింపు. అంతటితో ఆగలేదు. ఆనాటి పల్టన్ల మార్టిని-హెన్రీ రైఫిలు .450 బోరు. షికారుకు వచ్చే .450 సరుకు సరిహద్దు తిరుగుబాటుదార్ల చేతికి చిక్కుతుందన్న అనుమానంతో, ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకంలో ఆ బోరు దిగుమతిని ఇండియాలో నిషేధించారు. లండన్ తుపాకీ కంపెనీలు ఊరుకుంటాయా? .465, .470, .475, .476 అంటూ వెంట్రుకవాసి తేడాలతో కొత్త బోర్లు దించాయి. ఏనుగును కొట్టే తుపాకీ కొలత సర్కారు ఉత్తర్వును బట్టి మారిందన్నమాట. ఆఫీసు పనిలో జీవితం గడిపిన మనకు ఇదేమీ వింత కాదు.

.303 విషయంలోనూ అదే కథ. అది పల్టను తూటా కనుక పౌరులకు కుదరదు. అప్పుడు బి.ఎస్.ఏ. కంపెనీవారు ఒక ఉపాయం పన్నారు. బ్రిటిషు సైన్యపు లీ-ఎన్‌ఫీల్డ్ తరహా రైఫిలునే తీసుకుని, దానికి ఆస్ట్రియా సైన్యం వాడే 8 మిల్లీమీటర్ల మాన్‌లిఖర్ తూటాకు సరిపోయే గొట్టం బిగించారు. 8ని 25.4తో భాగించి చూడండి, అంగుళాల్లో .315 వస్తుంది. మన రిజిస్టరులోని అంకె అదే! ఒళ్లు ఇంగ్లండుది, తూటా వియన్నాది.

స్వరాజ్యం వచ్చాక కూడా ఈ ఏర్పాటు మారలేదు. 1959 ఆయుధాల చట్టం, 1962 నిబంధనలు .303ను నిషిద్ధ బోరుగానే ఉంచాయి. కలకత్తా దగ్గరి ఇషాపూర్ రైఫిలు ఫ్యాక్టరీ .315ను పౌరుల కోసం తయారుచేసింది. తూటాలు పుణె దగ్గరి ఖడ్కీ నుంచి వచ్చేవి. ఆస్ట్రియావారు ఆ తూటాను ఎప్పుడో వదిలేశారు. పుట్టింట దిక్కులేనిది మన దేశంలో లైసెన్సుదారు బీరువాలో మిగిలింది.

అయితే అది వేటకు పనికివచ్చేదేనా? నా అభిప్రాయంలో పనికివచ్చేదే, తన హద్దులో. గుండు బరువు 244 గ్రెయిన్లు, అంటే దాదాపు 16 గ్రాములు. వేగం సెకనుకు సుమారు 2,000 అడుగులు. నూరు గజాల లోపల దుప్పికి, కణుజుకు, అడవిపందికి చాలు. అడవిదున్న మీదికి దానితో వెళ్లడం తెలివైన పని కాదు.

పెద్ద జంతువు దగ్గర చాలీచాలని ఏర్పాటుతో వెళితే ఏమవుతుందో తెలియాలంటే 1907లో కుమావూఁ కొండల్లో జరిగింది వినాలి. చంపావత్ ఆడపులి 436 మందిని పొట్టన పెట్టుకుంది. జిమ్ కార్బెట్ దానికోసం వెళ్లాడు. చేతిలో .500 రైఫిలు. బోరు చిన్నదని అనడానికి లేదు. కానీ ఆయన తీసుకువెళ్లింది మూడే తూటాలు: రెండు పులికి, ఒకటి ఆపదకు. అక్కడి తహశీల్దారు జనాన్ని పోగుచేసి, అడవి తోలించి, తానూ తుపాకీ పట్టుకుని గట్టుమీద నిలబడ్డాడు. కార్బెట్ మూడు తూటాలూ అయిపోయాయి. పులికి గాయాలు తగిలాయి గాని ప్రాణం పోలేదు, బండమీదికి వచ్చి నిలబడింది. కార్బెట్ రైఫిలు కింద పడేసి, గట్టుమీదికి పరుగెత్తి, తహశీల్దారు తుపాకీ లాక్కుని, మళ్లీ కిందికి పరుగెత్తాడు. దగ్గరికి వెళ్లాక చూస్తే ఆ తుపాకీ గొట్టాలకూ వెనక దిమ్మెకూ మధ్య సందు! పేలిస్తే తన మొహమే పేలిపోవచ్చు. తెగించి పులి నోటికి గురిపెట్టి కాల్చాడు, గుండు పంజాకు తగిలింది. అదృష్టవశాత్తు పులి అప్పటికే మొదటి గాయాలతో ప్రాణం విడుస్తోంది.

తరువాత నైనిటాల్ దర్బారులో లెఫ్టినెంట్ గవర్నరు సర్ జాన్ హ్యూవెట్ ఆ తహశీల్దారుకు ఒక తుపాకీ బహూకరించాడు. అతనికి నిజంగా అవసరమైన వస్తువే. మన శాఖవారికి ఇంత సమయోచితమైన బహుమతి మళ్లీ ఎవరైనా ఇచ్చారో లేదో! కార్బెట్‌కు ఇచ్చింది రిగ్బీ కంపెనీ .275 రైఫిలు. జర్మన్ మౌజరు 7 మిల్లీమీటర్ల తూటాకు అది ఇంగ్లీషు పేరు. గుండు బరువు 140 గ్రెయిన్లే. అంత తేలిక రైఫిలుతోనే ఆయన 1926లో రుద్రప్రయాగ చిరుతను కూల్చాడు. అది 125 మందిని తిన్న చిరుత. తన్ను తక్కువ కనుక చేయి వణకదు, బరువు తక్కువ కనుక రోజంతా మోయవచ్చు. మొదటి రైఫిలు విషయంలో అనుభవజ్ఞులు ఈ మాటే చెబుతారు: భయపడకుండా పేల్చగలిగినంత బోరే కొనాలి.

బోరుతో పాటు గుండు తీరు కూడా చూడాలి. పల్టను గుండుకు మొత్తం గట్టి లోహపు తొడుగు ఉంటుంది. అది జంతువు ఒంట్లోంచి సూదిలా దూసుకుపోతుంది. జంతువు పారిపోయి రోజుల తరబడి నరకయాతన పడి చస్తుంది. కొసన సీసం బయటికి ఉన్న మెత్తటి గుండు లోపల పుట్టగొడుగులా విచ్చుకుని వెంటనే పడగొడుతుంది. కలకత్తా శివారు డమ్‌డమ్ ఆయుధాగారంలో 1890లలో తయారైన ఇలాంటి గుండుకు ఆ ఊరి పేరే స్థిరపడింది. 1899లో హేగ్ సమావేశం యుద్ధంలో దాన్ని వాడరాదని తీర్మానించింది. మనుషుల మీద క్రూరమని నిషేధించిన గుండునే జంతువు విషయంలో దయగలదని వేటగాళ్లు ఎంచుకున్నారు. రెండూ నిజమే.

కార్బెట్ తరువాత చెప్పుకోదగినవాడు కెన్నెత్ ఆండర్సన్. ఈయన 1910లో మన హైదరాబాదు బొల్లారంలో పుట్టినవాడు. బెంగుళూరులో స్థిరపడ్డా అప్పటి చిత్తూరు జిల్లా చామల లోయ పులి మీద కూడా రాశాడు. ఆయన చేతిలో ఉన్నది అమెరికా వించెస్టర్ .405, గుండు 300 గ్రెయిన్లు, కింది లివరు ఆడిస్తే తూటా మారుతుంది.

ఇద్దరూ పేరు పొందింది ఇనుప గురితోనే. దుర్భిణి అప్పటికి లేక కాదు. అమెరికా అంతర్యుద్ధంలోనే రైఫిలు మీద పొడవాటి దుర్భిణులు బిగించారు. కానీ మన అడవిలో చూపు యాభై గజాలు దాటదు. మీదికి దూకే జంతువును దుర్భిణి చిన్న వలయంలో వెతుక్కునే వ్యవధి ఉండదు. వానాకాలంలో అద్దాల లోపల చెమ్మ పడితే తెల్లటి పొగ తప్ప ఏమీ కనిపించదు. పైగా ఆండర్సన్ వించెస్టర్ ఖాళీ గొట్టిని నెత్తిమీంచి ఎగజిమ్ముతుంది, అక్కడ దుర్భిణికి చోటే లేదు. రుద్రప్రయాగలో కార్బెట్ రైఫిలుకు తగిలించుకున్నది దుర్భిణి కాదు, ఎలక్ట్రిక్ టార్చి.

1930లో అమెరికాలో వీవర్ అనే ఆయన సామాన్యుడు కొనగల దుర్భిణి తెచ్చాడు. 1940ల చివర ల్యూపోల్డ్ కంపెనీ లోపల నైట్రోజన్ నింపి చెమ్మ బాధ తప్పించింది. దాని ఉపయోగం మన వయసువారికి చెప్పనక్కరలేదు. ఇనుప గురిలో కన్ను ఒకేసారి మూడు దూరాలు చూడాలి: దగ్గరి గీటు, కొసనున్న మొన, దూరాన జంతువు. నలభై దాటి చత్వారం వచ్చాక గీటు మసకబారుతుంది. దుర్భిణిలో గీతలూ జంతువూ ఒకే దూరంలో స్పష్టంగా కనిపిస్తాయి.

ఎంత పెద్దదిగా చూపిస్తే అంత మంచిదని కొత్తవారు పొరబడుతుంటారు. ముందు అద్దం వెడల్పును ఎన్ని రెట్లో ఆ సంఖ్యతో భాగిస్తే కంటికి చేరే వెలుగు కడ్డీ వెడల్పు వస్తుంది. 32 మిల్లీమీటర్ల అద్దం, నాలుగు రెట్లు అయితే 8 మిల్లీమీటర్లు. మునిమాపు వేళ మన కంటిపాప విచ్చుకునే దానికంటే ఎక్కువే. 40 అద్దానికి తొమ్మిది రెట్లు పెడితే నాలుగున్నర కూడా రాదు, చూపు చీకటి పడుతుంది. అందుకే నాలుగు రెట్ల దుర్భిణితో మొదలుపెట్టమంటారు. కంటికీ దానికీ మూడు నాలుగు అంగుళాల ఎడం ఉండాలి. లేకపోతే రైఫిలు తన్నినప్పుడు కనుబొమ చీలుతుంది.

కానీ మంచి దుర్భిణులు చవకబడేనాటికి మన దేశంలో వేటకే కాలం చెల్లింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదట కొన్ని జంతువులకు లైసెన్సు వేటను మిగిల్చింది. 1991 సవరణ దాన్నీ తీసేసింది. ఒకప్పటి నిజాము వేట భూములు పోచారం, వనస్థలిపురం ఇవాళ రక్షిత వనాలు. మనిషి ప్రాణానికి ముప్పు తెచ్చే జంతువును చంపాలన్నా ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి ఉత్తర్వు కావాలి. ఇది మంచికే జరిగిందని నా నమ్మకం, షికారు కథలంటే ఎంత ఇష్టమున్నా సరే.

మిగిలింది ఇళ్లల్లోని పాత త్రీ ఫిఫ్టీన్లు. 2019 సవరణ తరువాత ఒకరికి రెండు ఆయుధాలే, లైసెన్సు గడువు ఐదేళ్లు. 2016 నిబంధనల ప్రకారం లైసెన్సుదారు మరణించాక మాత్రమే కాదు, ఆయనకు డెబ్బై ఏళ్లు నిండినా, ఆయుధం పాతికేళ్లు ఆయన వద్ద ఉన్నా వారసులు తమ పేరున లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇంట్లో రైఫిలు ఉన్న సభ్యులు లైసెన్సు పుస్తకం, దానిపై విశిష్ట గుర్తింపు సంఖ్య ఉన్నదీ లేనిదీ ఇప్పుడే చూసుకుని, ఆ కాగితాలు ఎక్కడ ఉన్నాయో భార్యాబిడ్డలకు చెప్పి ఉంచడం మంచిది. లైసెన్సు లేని రైఫిలు ఇంట్లో దొరికితే జవాబు చెప్పుకోవలసింది వారే.