తొమ్మిదేళ్ళ పిల్లవాడికి ఏం తెలుసు?
(కథలో మనం – 6)

పిల్లల కోసం కథలు రాద్దామనుకునే విద్యార్థులు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. కథలో పిల్లకో పిల్లవాడికో ఎన్నేళ్ళు పెట్టాలి? దీనికి చాలామంది చెప్పే జవాబు ఒకటే. పిల్లలు తమకంటే ఒకటి రెండేళ్ళు పెద్దవాళ్ళ గురించి చదవడానికి ఇష్టపడతారు కాబట్టి పదేళ్ళ పాఠకుల కోసమైతే పన్నెండేళ్ళు పెట్టమంటారు.

ఆ లెక్క తప్పని అనను. కానీ ఎవరి పన్నెండేళ్ళు?

1950ల్లో ముళ్ళపూడి వెంకటరమణ 'బుడుగు' రాశారు. బుడుగు తన కథ తానే చెప్పుకుంటాడు. వాడు బడి ఎగ్గొట్టినా వాడి అన్నం ఎక్కడికీ పోదు. వాడి అల్లరికి మూడు తరాల తెలుగు పాఠకులు నవ్వుకున్నారు. అదే కాలంలో, అదే ఈడు మాల మాదిగ పిల్లలు ఎంతోమంది ఊళ్ళో జీతాలకుండి గొడ్లు కాశారు, పేడ ఎత్తారు. వాళ్ళు ఒక పూట పనికి పోకపోతే దాన్ని అల్లరి అని ఎవరూ ముద్దు చెయ్యలేదు. అది తండ్రి అప్పు లెక్కలోకి వెళ్ళింది. బుడుగును తప్పుపట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. ఒకే వయసు ఊళ్ళో ఒక రకంగానూ వాడలో ఇంకో రకంగానూ గడుస్తుందని చెప్పడానికే.

అయితే మన కథలో పిల్లల వయసు ఎలా నిర్ణయించుకోవాలి? ఇందుకు మన చరిత్రలోనే మూడు మంచి పాఠాలున్నాయి. మూడూ ఆత్మకథలే, కల్పనలు కావు. కానీ ఎక్కడ మొదలుపెట్టాలో, ఏ వయసు దగ్గర ఆగాలో ఎంచుకోవడం ఆత్మకథలోనూ ఉంటుంది.

మొదటిది బాబాసాహెబ్‌ది. 1935-36 ప్రాంతంలో రాసిన 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' ఆయన వెళ్ళిపోయాక చాలా ఏళ్ళకు, 1990లో పుస్తకంగా వచ్చింది. అంటరానితనం అంటే ఏమిటో బయటి దేశాల వాళ్ళకు తెలియజెప్పాలని రాశారు. అప్పటికి ఆయన పెద్ద చదువులు చదివిన న్యాయవాది, రాజకీయ నాయకుడు. బరోడా అవమానంతో మొదలుపెట్టవచ్చు. కానీ 1901 నాటి ఒక ప్రయాణంతో మొదలుపెట్టారు. తనకప్పుడు తొమ్మిదేళ్ళని రాసుకున్నారు.

కొత్త బట్టలు కట్టుకుని, తోటి పిల్లలతో కలిసి, కోరేగావ్‌లో ఉద్యోగం చేస్తున్న తండ్రి దగ్గరకు రైలెక్కాడు ఆ పిల్లవాడు. మసూర్ స్టేషన్లో దిగితే తీసుకెళ్ళడానికి ఎవరూ రాలేదు. మహర్లమని చెప్పగానే స్టేషన్ మాస్టర్ ముఖం మారిపోయింది. రెట్టింపు కిరాయి ఇస్తామన్నాకే బండి దొరికింది, అదీ పిల్లలే తోలుకోవాలి. దగ్గర అన్నముంది, తాగడానికి నీళ్ళు లేవు. ఆ రాత్రి ఆకలితోనే పడుకున్నారు.

ఇక్కడ గమనించాల్సిందేమిటంటే, ఆ పిల్లవాడికి అంతకుముందు ఏమీ తెలియదని బాబాసాహెబ్ రాయలేదు. బడిలో విడిగా గోనెపట్టా మీద కూర్చోవాలని తెలుసు. ప్యూన్ వచ్చి కుళాయి తిప్పితేనే నీళ్ళని తెలుసు. అవి లోకంలో మామూలే అనుకున్నాడు. ఈ ప్రయాణం తర్వాతే మామూలు అనిపించడం ఆగిపోయింది. తొమ్మిదేళ్ళంటే అదీ. కట్టుబాట్లన్నీ తెలిసి, కారణం ఇంకా తెలియని వయసు.

రెండోది తమిళంలో బామ రాసిన 'కరుక్కు' (1992). మూడో తరగతి చదివే పిల్ల బడినుంచి ఇంటికి వస్తూ, తమ వాడకు చెందిన ఒక పెద్దమనిషి తినుబండారాల పొట్లాన్ని చేత్తో తాకకుండా దారం పట్టుకుని మోసుకెళ్ళడం చూస్తుంది. ఆ పిల్లకు నవ్వొస్తుంది! ఇంటికెళ్ళి అన్నకు చెప్పి నవ్విస్తాననుకుంటుంది. అన్న నవ్వడు. అది ఎందుకో చెబుతాడు. అదే పిల్లకు పదిహేనేళ్ళు పెట్టి ఉంటే ఆ నవ్వు ఉండేది కాదు. ఆ నవ్వు లేకపోతే మనకు అంత నొప్పి కలిగేది కాదు.

మూడోది హిందీలో ఓంప్రకాశ్ వాల్మీకి 'జూఠన్' (1997). నాలుగో తరగతి పిల్లవాడి చేత హెడ్మాస్టరు చీపురు పట్టించి, బడంతా రోజుల తరబడి ఊడిపిస్తాడు. మూడోనాడు అటుగా వచ్చిన తండ్రి కొడుకు చేతిలోంచి చీపురు లాగి విసిరేసి హెడ్మాస్టరును నిలదీస్తాడు.

తొమ్మిదేళ్ళు, మూడో తరగతి, నాలుగో తరగతి. మూడు రాష్ట్రాలు, మూడు కాలాలు, దాదాపు ఒకే ఈడు! బామ, వాల్మీకి ఇద్దరూ వయసును తరగతితో గుర్తుపెట్టుకున్నారు, చూశారా? మన అమ్మానాన్నల్లో చాలామందికి పుట్టినరోజంటే చేర్చుకునేటప్పుడు పంతులు రిజిస్టర్లో రాసిన తేదీయే. అందుకే మన కథలో పిల్ల ఏ తరగతిలో ఉంది, బడిలో ఉందా, జీతానికుందా అన్నది వయసు అంకె కంటే ఎక్కువ చెబుతుంది.

ఇప్పుడు అసలు సమస్యకొద్దాం. కులం గురించి చిన్న పిల్లల కథ రాస్తానంటే పెద్దలు ఏమంటారు? ఇది బరువైన విషయం, హీరోకి పధ్నాలుగో పదిహేనో పెట్టండి, కాస్త పెద్ద పిల్లలు చదువుతారు అంటారు. పిల్లల మేలు కోరే అంటారు. కానీ మన పిల్లలకు కులం తెలిసేది తొమ్మిదేళ్ళకు. దాని గురించి చదవనిచ్చేది పదిహేనేళ్ళకు. మధ్యలో ఉన్న ఆ ఐదారేళ్ళూ ఆ పిల్ల ఏమనుకుంటుంది? తప్పు తనలోనే ఉందనుకుంటుంది. పుస్తకం అందాల్సింది అప్పుడే.

ఆడపిల్లల విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. గోగు శ్యామల కథల్లో ఒకదాంట్లో, ఊరు జోగినిని చేయాలనుకున్న పిల్లను తండ్రి కాపాడి హాస్టల్లో చేరుస్తాడు. పెద్దదైందో లేదో ఆ పిల్ల ఒంటినీ మనసునూ బట్టి కాదు, ఊరి అవసరాన్ని బట్టి తేలుస్తారు. అలాంటి పిల్ల వయసును చిన్నదిగానే, ఖచ్చితంగా చెప్పడం రచయిత బాధ్యత.

ఈ పని తెలుగులో అసలు జరగలేదని కాదు. హైదరాబాదులోని అన్వేషి 2008లో తెచ్చిన పిల్లల పుస్తకాల వరసలో గోగు శ్యామల, జూపాక సుభద్ర, మహమ్మద్ ఖదీర్‌బాబు, గోపిని కరుణాకర్ కథలున్నాయి. వాటిలో పిల్లలు పనిచేస్తారు, ఆడుకుంటారు, ఎదురు తిరుగుతారు. అవి మన బడి లైబ్రరీల్లో ఉన్నాయో లేదో ఒకసారి వెళ్ళి చూడండి. లేకపోతే అడగండి.

రాసేవాళ్ళకు చివరి మాట. మీ కథలో పిల్లకు ఎనిమిదో తొమ్మిదో పెట్టడానికి భయపడకండి. ఆ వయసుకు ఏం తెలుసో అది తెలియనివ్వండి, ఏం తెలియదో అది ప్రశ్నగా ఉండనివ్వండి. బామకు అన్న ఉన్నట్టు, వాల్మీకికి తండ్రి ఉన్నట్టు ఆ ప్రశ్న వినే మనిషి ఒకరు కథలో ఉండాలి. ఒక్కటి మాత్రం మరవొద్దు. కష్టం రాస్తూ ఆటను తీసేయకండి. జీతానికున్న పిల్లవాడు కూడా గొడ్ల వెనక ఈత కొట్టాడు, సీతాఫలాలు కోసుకు తిన్నాడు. ఆ బాల్యం కూడా మన చరిత్రే.

జై భీమ్.