నీడ నుంచి వంపు దాకా

1895 నవంబరు 8న జర్మనీలోని వూర్ట్స్‌బర్గ్‌లో ఎక్స్‌రేలను కనిపెట్టిన విల్హెల్మ్ రాంట్‌జెన్, అవి కాంతిలా వంగుతాయేమోనని కూడా చూశారు. నీళ్లు నింపిన పట్టకాల గుండా పంపారు. వంపు కంటికి ఆనలేదు. ఎముకల నీడ మాత్రం ఫలకం మీద పడింది. వైద్యలోకం వందేళ్లపాటు ఆ నీడ వెంటే నడిచింది.

ఆ నడక చిన్నదేమీ కాదు. 1913లో బెర్లిన్ శస్త్రవైద్యుడు ఆల్బర్ట్ సాలమన్, ఆపరేషన్‌లో తీసేసిన దాదాపు 3,000 రొమ్ములకు ఎక్స్‌రే తీసి క్యాన్సర్ పాకే తీరును పరిశీలించారు. ఉరుగ్వేలో రౌల్ లెబోర్న్ రొమ్మును అదిమిపెట్టి చిత్రం తీయాలన్నారు. ఇసుక రవ్వల్లాంటి సున్నపు రేణువులు క్యాన్సర్ జాడ కావచ్చని చూపించారు. 1960లో హ్యూస్టన్‌లో రాబర్ట్ ఈగన్ ఎవరు తీసినా ఒకేలా వచ్చే పద్ధతిని నెలకొల్పారు. ఆ దశకం మధ్యలో స్ట్రాస్‌బర్గ్ వైద్యుడు చార్లెస్ గ్రో చొరవతో రొమ్ముకంటూ ప్రత్యేక యంత్రం పుట్టింది. 1963లో న్యూయార్క్‌లో సుమారు 62 వేల మంది స్త్రీలతో మొదలైన అధ్యయనం, ముందుగా పట్టుకుంటే ప్రాణాలు దక్కుతాయని తేల్చింది.

అయినా నీడకు ఒక హద్దుంది. గ్రంథి కణజాలమూ కణితీ ఎక్స్‌రేలను దాదాపు ఒకేలా పీల్చుకుంటాయి. కొవ్వు తక్కువగా, గ్రంథులు దట్టంగా ఉన్న రొమ్ములో కణితిని వెతకడమంటే తెల్లమబ్బులో తెల్లకొంగను వెతకడమే. ఆ వెతుకులాటలో తప్పిపోయిన ప్రతి కొంగా ఒక ఇంటి దుఃఖం.

నీళ్ల తొట్టిలోకి మిట్టమధ్యాహ్నం ఒకసారి తొంగిచూడండి. నీళ్లు వెలుతురును ఆపవు. కానీ అల కదిలినప్పుడల్లా అడుగున వెలుగు గీతలు వలలా అల్లుకుంటాయి. వంగిన కిరణాలు ఒకచోట పోగై గీసిన గీతలవి. రొమ్ములోనూ ఇంతే. రొమ్ము ఎక్స్‌రే పరీక్ష అయిన మామోగ్రఫీ వాడే శక్తుల దగ్గర మెత్తని కణజాలం ఎక్స్‌రే తరంగపు దశను, అంటే దాని శిఖరాలూ లోయలూ వచ్చే వేళను, మార్చే గుణం, దాన్ని పీల్చుకునే గుణం కన్నా వెయ్యి రెట్ల దాకా ఎక్కువ. ఆ మార్పే కిరణాన్ని కాస్త వంచుతుంది. డిటెక్టర్‌ను కాస్త దూరం జరిపితే చాలు, ఆ సూక్ష్మమైన వంపు అంచుల దగ్గర గీతగా తేలుతుంది.

మామూలు కాంతితో దశను కళ్లకు కట్టినందుకు ఫ్రిట్స్ జెర్నికేకు 1953లో నోబెల్ దక్కింది. ఎక్స్‌రేలకు ఆ విద్య అబ్బడానికి సింక్రోట్రాన్లు, అంటే ఎలక్ట్రాన్లను పెద్ద వలయంలో తిప్పి ఎక్స్‌రేలు పుట్టించే యంత్రాలు, రావాల్సి వచ్చింది. 1995లో గ్రెనోబుల్‌లో స్నిగిరెవ్ బృందం కేవలం దూరంతోనే దశను చిత్రంగా మార్చింది. మరుసటి ఏడాది మెల్‌బోర్న్‌లో విల్కిన్స్ బృందం, సన్నని బిందువు నుంచి కిరణాలు వెలువడే ట్యూబుతోనూ అది సాధ్యమేనని చూపింది.

2006లో ఇటలీలోని ట్రియెస్తేలో ఈ విద్య రోగి దగ్గరికి చేరింది. 259 మీటర్ల చుట్టుకొలత ఉన్న ఎలెట్రా సింక్రోట్రాన్ వలయం పక్కన ఒక గది. రంధ్రమున్న మంచం మీద స్త్రీ బోర్లా పడుకునేది. పలుచని పొరలాంటి కిరణపుంజం కదిలేది కాదు. మంచమే మెల్లగా కదిలేది. మామూలు మామోగ్రఫీ తేల్చలేని అనుమానాలున్న వారికి అక్కడ పరీక్షలు జరిగాయి.

కానీ ఊరూరా సింక్రోట్రాన్ కట్టలేం. అదే ఏడాది స్విట్జర్లాండ్‌లోని విలిగెన్‌లో ఫ్రాంజ్ ఫైఫర్ బృందం, ఫొటోగ్రఫీ ఆద్యుల్లో ఒకరైన టాల్బట్ 1836లో గమనించిన సూత్రాన్ని ఆధారం చేసుకుని, సన్నని గీతల జల్లెడల్లాంటి మూడు గ్రేటింగులతో మామూలు ట్యూబుకే ఆ పని నేర్పింది. 2011లో అక్కడి పరిశోధకులే, శస్త్రచికిత్సలో తీసిన రొమ్ములను ఈ పద్ధతిలో చిత్రించారు. చిక్కు ఇంకా ఉంది: రొమ్ము దాటి వచ్చిన కిరణాల్లో దాదాపు సగం చివరి గ్రేటింగే మింగేస్తుంది. రోగి ఒళ్లు భరించిన ప్రతి కిరణమూ చిత్రానికి పనికిరావాలి కదా!

అందుకే మిగిలింది గ్రో చేసినటువంటి పని: ప్రయోగశాల విద్యను ఆసుపత్రి గదిలో ఇమిడే యంత్రంగా మలచడం. రాంట్‌జెన్ వెతికిన వంపు మనకు దొరికింది. పరీక్ష కోసం వరుసలో కూర్చున్న మామూలు స్త్రీకి అది అందిన రోజే ఆ వెతుకులాట ముగుస్తుంది.