దుబాయి: నోటుకు ముందు కోట, వెనక టవరు

మా కాక ఇనప్పెట్టెలో పట్టాదారు పుస్తకం కింద నూరు దిర్హాముల నోటొకటి ఉంటుంది. 1989లో దుబాయి పోయి, ఎనిమిదేండ్లు సెంట్రింగ్ పని చేసి వచ్చినప్పుడు ఖర్చు పెట్టకుండా దాచుకున్నది ఆ ఒక్కటే. మడతల దగ్గర చిరుగుకొచ్చింది. ఒక దిక్కు మట్టిరంగు కోట, ఇంకో దిక్కు నిట్టనిలువు టవరు.

"ఈ కోట యాడుంటదే కాకా?" అని అడిగితే, "నేనేడ చూసిన బిడ్డా! పొద్దుగాల బస్సు, సైటు, మల్ల బస్సు, క్యాంపు. గంతే" అన్నడు.

ఆ కోట పేరు అల్ ఫహీదీ. 1787 ప్రాంతంలో కట్టింది. దుబాయిలో నిలిచి ఉన్న కట్టడాల్లో దానికంటే పాతది లేదు. వెనకనున్న టవరు వరల్డ్ ట్రేడ్ సెంటర్, 39 అంతస్తులు, 1979లో తెరిచారు. ఆ నోటుకు ఈ మొగాన ఆ మొగాన ఉన్నవాటి నడుమ రెండు వందల ఏండ్లలో ఏం జరిగిందో నిజామాబాద్ జిల్లాలోని మా సిరికొండ మనుషులు తెలుసుకోవాల్సిందే. ఎందుకంటే మా మండలంలో ఆ ఊరి పేరు ఒక ఊరి పేరుగా మిగల్లేదు. మస్కట్ పోయినా, రియాద్ పోయినా, కువైట్ పోయినా "దుబాయి పోయిండు" అనే అంటారు. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని తెలంగాణ బతుకుదెరువును మూడు ముక్కల్లో చెప్పే మాటలో చివరిది మాకు మొదటిది.

దుబాయికి ఆధారం ఒక ఉప్పునీటి పాయ. సముద్రం నేలలోకి కొన్ని కిలోమీటర్లు చొచ్చుకుని వచ్చి ఆగిన చోటు. అరబ్బులు ఖోర్ అంటారు, మనవాళ్లు క్రీక్ అంటారు. దానికి ఒక ఒడ్డు బర్ దుబాయి, ఇంకో ఒడ్డు దేరా. 1833లో అబుదాబిలో పాలకులతో పొసగక, బనీ యాస్ తెగలోని అల్ బు ఫలాసా శాఖ వాళ్లు సుమారు 800 మంది ఈ పాయ ఒడ్డుకు వచ్చి పడ్డారు. నడిపించినవాళ్లు మక్తూమ్ బిన్ బుత్తీ, ఉబైద్ బిన్ సయీద్. ఇప్పటికీ దుబాయిని ఏలుతున్నది ఆ మక్తూమ్ వంశమే. చేపలు, ఖర్జూరాలు, ముత్యాలు, ఇంతే జీవనం. మనకు ఈతకమ్మల గుడిసెలున్నట్టు వాళ్లకు ఖర్జూరపు మట్టల గుడిసెలు. అంటే దుబాయి పుట్టుకే వలస. ఆ సంగతి ఆ ఊరు మరిచిపోయినా మనం మరవొద్దు.

ముత్యాల పని సంగతి కొంచెం నిలబడి చెప్పుకోవాలి. ఎండాకాలం నాలుగు నెలలు ఓడల మీదనే. మునిగే మనిషి ముక్కుకు క్లిప్పు పెట్టుకుని, కాలికి రాయి కట్టుకుని, తాడు పట్టుకుని అడుగుకు దిగుతాడు. ఊపిరి బిగబట్టి చిప్పలు ఏరుకుంటాడు, తాడు గుంజితే పైనున్నవాడు లాగుతాడు. రోజుకు పదులసార్లు ఇదే. ముందే ఇంటి ఖర్చుకని ఓడ యజమాని దగ్గర బయానా తీసుకుని ఉంటాడు. సీజను ముగిసేసరికి ముత్యాల లెక్క అప్పుకు చాలదు. అప్పు తీరేదాకా వేరే ఓడ ఎక్కడానికి లేదు. ఇది చదివినప్పుడు నాకు మా వాడకట్టు గుర్తొచ్చింది. ఏజెంటుకు కట్టడానికి మిత్తికి తెచ్చిన పైసలు, పాస్‌పోర్టు తన దగ్గర పెట్టుకున్న అర్బాబు (యజమాని), పని మారితే ఖల్లివల్లి (కాగితాల్లేని కూలి) అయిపోవడం. ఆ ఊరి కూలికి అప్పు ఆ ముత్యాల కాలం నుంచే తోడుగా వస్తున్నది.

ఆ ముత్యాలు పోయేది బొంబాయికే. బొంబాయితో దుబాయికి ఉన్న చుట్టరికం మన విమానాల కంటే చాలా పాతది. 1909లో దుబాయిలో తెరిచిన పోస్టాఫీసు ఇండియా తపాలా శాఖది. బజారులో చెల్లేది రూపాయే. దేశంలోకి బంగారం దొంగదారిన రాకుండా చూడాలని, 1959లో రిజర్వ్ బ్యాంకు గల్ఫ్ దేశాల కోసమే వేరుగా నోట్లు అచ్చువేసింది. 1966లో మన రూపాయి విలువ తగ్గించేదాకా దుబాయి ఆ గల్ఫ్ రూపాయి మీదనే నడిచింది. దిర్హాము వచ్చింది 1973లో. ఇప్పుడు దిర్హాముకు రూపాయలెన్ని అని పొద్దున్నే ఫోనులో చూసుకునే మా పోరగాండ్లకు ఈ మాట చెబితే నవ్వుతారు.

20వ శతాబ్దం మొదట్లో అవతలి ఒడ్డున ఇరాన్‌లోని లింగే రేవులో సుంకాలు పెరిగాయి. దుబాయి పాలకుడు షేక్ మక్తూమ్ బిన్ హషర్ తన రేవులో సుంకం ఎత్తేశాడు. వ్యాపారులు దుకాణాలు సర్దుకుని ఇవతలికి వచ్చేశారు. గాలిని కిందికి దింపే మిద్దె గోపురాలతో ఇండ్లు కట్టుకున్నారు. ఆ పేటనే బస్తకియా అంటారు. దుబాయి తెలివి మొత్తం ఆ ఒక్క నిర్ణయంలో ఉందని నా అభిప్రాయం. తర్వాత వచ్చిన ఫ్రీజోన్లన్నీ దాని మనుమలే.

ఇంతలో దెబ్బ పడింది. జపాన్‌లో ముత్యాలను సాగుచేయడం నేర్చారు. 1929 ఆర్థిక మాంద్యం తోడైంది. ముత్యాల బజారు కూలింది. రెండో ప్రపంచ యుద్ధం నాటికి ఆ తీరంలో తిండికి కరువొచ్చి, బియ్యం, చక్కెర రేషను మీద పంచారు.

ఇక్కడ మన జిల్లా వైపు ఒకసారి చూడాలి. 1931కి నిజాంసాగర్ పూర్తయింది. మంజీర నీళ్లు బోధన్ దాకా పారి చెరుకు తోటలు లేచాయి. 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పుట్టింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు. అక్కడ పని దొరికితే పిల్లనివ్వడానికి వెనకాడేవాళ్లు కాదు. చక్కెర మన దగ్గర, ఆకలి దుబాయి దగ్గర. యాభై ఏండ్లలో ఈ లెక్క తలకిందులైంది. సిరికొండ సంగతి వేరే; మాకు నిజాంసాగర్ కాల్వ రాలేదు. చెరువులు, బోర్లు, తునికాకు, ఇంటింటా బీడీలు. మా చిన్నమ్మ ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చుడుతూనే ఉండేది. కాక వీసాకు మొదటి కంతు కట్టింది ఆ బీడీల పైసలతోనే.

దుబాయి మళ్లీ లేచింది షేక్ రాషిద్ కాలంలో. 1958లో గద్దెనెక్కిన ఆయన ముందు చూసింది ఖోర్‌నే. ఇసుక పేరుకుపోయి పెద్ద పడవలు లోపలికి రావట్లేదు. చేతిలో చమురు లేదు, పైసలు లేవు. కువైట్ దగ్గర అప్పు చేసి, వ్యాపారులకు బాండ్లు అమ్మి, 1959 నుంచి పూడిక తీయించాడు. తీసిన ఇసుకతో పల్లపు నేల మెరక చేసి ప్లాట్లు అమ్మాడు. పూడికతీత ఖర్చుకు పూడికనే ఆసరా చేసుకోవడం మన చెరువుల కాంట్రాక్టర్లకు కూడా తెలిసిన విద్యే, కానీ అక్కడ లెక్క ఊరికి మిగిలింది. 1960లో గట్టిపరిచిన ఇసుక మీదనే విమానాల రన్‌వే వేశారు. 1963లో ఖోర్ మీద మొదటి వంతెన పడింది. అప్పటిదాకా అవతలి ఒడ్డుకు నేరుగా పోవాలంటే అబ్రా పడవ ఎక్కాల్సిందే. ఆ రోజుల్లో లండన్ నుంచి పోగుల కొద్దీ బంగారం దిగేది. దానిలో పెద్ద భాగం రాత్రిపూట పడవల మీద మన పడమటి తీరానికి చేరేది. దేరా బంగారు బజారు మెరుపులో మన కస్టమ్స్ వాళ్ల కన్నీళ్లు కూడా ఉన్నాయి.

చమురు బయటపడింది 1966లో. ఎగుమతి మొదలైంది 1969లో. అంటే రేవు, విమానాశ్రయం, వంతెన అన్నీ దానికంటే ముందే. 1968 జనాభా లెక్కల్లో దుబాయిలో ఉన్నది దాదాపు 59 వేల మంది. 1971 డిసెంబరు 2న బ్రిటిష్‌వాళ్లు వదిలిన చిన్న రాజ్యాలు కలిసి యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ అయ్యాయి. అబుదాబికి ఉన్నంత చమురు తనకు లేదని రాషిద్‌కు తెలుసు. ఉన్నన్నాళ్లు దాన్ని కాంక్రీటుగా మార్చాడు. 1972లో రాషిద్ రేవు, 1979లో జెబెల్ అలీ రేవు, 1985లో అక్కడే ఫ్రీజోన్, అదే ఏడు పాకిస్తాన్ నుంచి అద్దెకు తెచ్చిన రెండు విమానాలతో ఎమిరేట్స్ విమాన సంస్థ. ఇప్పుడు దుబాయి రాబడిలో చమురు వాటా నామమాత్రం.

మనవాళ్లు పెద్దసంఖ్యలో పోవడం 1970ల చమురు ధరల పెరుగుదల తర్వాతే. మొదట్లో వచ్చినవాళ్ల చేతుల్లో టేప్ రికార్డరు, మెత్తటి దుప్పటి, అత్తరు. తర్వాత ఇల్లు, బోరు, బిడ్డ పెండ్లి. 2010 జనవరిలో తెరిచిన 828 మీటర్ల బుర్జ్ ఖలీఫా కోసం ఒక దశలో రోజుకు 12 వేల మంది పనిచేశారు. దాని పేరు మొదట బుర్జ్ దుబాయి. 2009 నవంబరులో దుబాయి ప్రభుత్వ కంపెనీ అప్పులు కట్టలేక చేతులెత్తేస్తే, పక్కింటి అబుదాబి పది బిలియన్ డాలర్లు ఇచ్చి నిలబెట్టింది. టవరుకు అబుదాబి పాలకుడి పేరు వచ్చింది. పెద్దల అప్పుకు అట్లా పేరు మారింది. ఆ ఏడు పనులు ఆగి తిరిగొచ్చిన కూలీల అప్పుకు మాత్రం మిత్తి పెరిగింది.

అక్కడ జనాభా 2023లోనే 36 లక్షలు దాటింది. పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది పరదేశీయులే. ఇక్కడ బోధన్‌లోని ఆ షుగర్ ఫ్యాక్టరీ మాత్రం 2015 డిసెంబరులో మూతబడింది. గల్ఫ్‌లో చనిపోయినవాళ్ల కుటుంబాలకు 5 లక్షల రూపాయలు ఇస్తామని మన రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది 2024లో. శవపేటిక కోసం శంషాబాద్‌లో రాత్రంతా కూర్చున్న ఇండ్లు మా మండలంలో ఎన్నో ఉన్నాయి కాబట్టి, ఆ ఉత్తర్వు ఆలస్యంగా వచ్చిందనే నా మాట.

మీవాళ్లెవరైనా అక్కడుంటే, లేదా పోవాలనుకుంటే ఈ రెండు మాటలు చెప్పండి. ఏజెంటుకు రిజిస్ట్రేషన్ ఉందా లేదా చూడకుండా పైసలు కట్టొద్దని ఒకటి. సెలవునాడు క్యాంపులో పండుకోకుండా ఒకసారి ఖోర్ ఒడ్డుకు పోయి అబ్రా ఎక్కమని రెండోది. టికెట్టు ఒక్క దిర్హామే. మా కాక ఎనిమిదేండ్లున్నా అది ఎక్కలేదు.