వేరు చావని చెట్టు

1904లో న్యూయార్కు జంతుప్రదర్శనశాలలో చెస్ట్‌నట్ చెట్లు కొమ్మలు ఎండి చావడం హెర్మన్ మెర్కెల్ గమనించాడు. పనసగింజల్లా కాల్చుకు తినే కాయలనిచ్చే ఈ చెట్టు అపలాచియన్ కొండవాసులకు తిండి, కలప, పందులకు మేత. బెరడు పగుళ్ళలో జొరబడి మానును చుట్టేసే ఆ శిలీంధ్రం ఆసియా మొక్కలతో వచ్చింది. 1913లో ఫ్రాంక్ మేయర్ దానిని చైనాలో కనుగొన్నాడు.

పెన్సిల్వేనియా ప్రభుత్వం 1911లో 2,75,000 డాలర్లు కేటాయించి రోగపు చెట్లను నరికించబూనింది. గాలిలో తేలే బీజాలను గొడ్డలి ఆపునా? ఎలాగూ చచ్చేవేనని జనం ఆరోగ్యమైన మాన్లను సైతం కలపకై కూల్చారు. రోగానికి తట్టుకోగలిగినవేవైనా వాటిలో ఉండి ఉంటే, వాటి విత్తనమూ దక్కలేదు. నా దృష్టిలో అసలు నష్టమదే.

అర్ధశతాబ్దంలో సుమారు 400 కోట్ల చెట్లు నశించాయి. వేళ్ళను మాత్రం మట్టిలోని సూక్ష్మజీవులు కాపాడాయి. నేటికీ మొదళ్ళ నుండి పిలకలు లేస్తున్నాయి. కాస్త ఎదిగి బెరడు పగలగానే మళ్ళీ ఎండుతున్నాయి.