కొలబద్ద మారిన లెక్క: అమెరికాలో కలుషితాహార రోగాల అంచనాలు (1999, 2011)

కలుషితాహారంతో జబ్బుపడినవారిలో అధికులు వైద్యుని వద్దకు వెళ్లరు. వెళ్లినా మలపరీక్ష జరగకపోవచ్చు. జరిగినా ఫలితం ఆరోగ్యశాఖ నిఘా నమోదులకు ఎక్కకపోవచ్చు. ఆ లోటును పూడ్చడానికే గుణకాలు వచ్చాయి. అమెరికా వ్యాధి నియంత్రణ, నివారణ కేంద్రానికి చెందిన పాల్ మీడ్ బృందం 1999లో నమోదైన ఒక్కొక్క సాల్మొనెల్లా కేసును 38 కేసులుగా లెక్కించింది. కలుషితాహార రోగాలన్నీ కలిపి ఏటా 7.6 కోట్లని, మరణాలు 5,000 అని తేల్చింది. 2011లో ఎలేన్ స్కాలన్ బృందం అంచనా 4.8 కోట్లు, 3,000 మరణాలు.

పన్నెండేళ్లలో ఆహారం అంతగా సురక్షితమైందని దీనికి అర్థం కాదు. ప్రధానంగా మారింది కొలబద్ద. ఒక రోజు మించని, దినచర్యకు అడ్డురాని వాంతులను రెండవ బృందం వదిలివేసింది. నోరోవైరస్ రోగుల్లో ఆహారం ద్వారా సోకినవారి వాటాను 40 నుండి 26 శాతానికి సవరించింది. ఈ సవరణ అక్కడితో ఆగలేదు. కారణం తెలియని రోగాలలో ఆహారం వాటాను, తెలిసిన క్రిముల నిష్పత్తిని బట్టే నిర్ణయిస్తారు. నోరోవైరస్ ఆ క్రిములలో అతిపెద్ద పద్దు. అందుకే 6.2 కోట్లుగా ఉన్న ‘కారణం తెలియని’ భాగం కూడా 3.84 కోట్లకు కుదించుకుపోయింది. రెండవ అంచనాలో క్రిమి పేరు తెలిసినవి 94 లక్షలే.