అనుబంధంలో మిగిలిన శాస్త్రం: ఎవరెస్ట్ ఆరోహణ, గ్రిఫిత్ ప్యూ

1953 మే 29న టెన్జింగ్ నార్గే, ఎడ్మండ్ హిల్లరీ ఎవరెస్ట్‌ను అధిరోహించిన ఘట్టాన్ని సాధారణంగా సాహసగాథగానే చదువుకుంటాం. దాని వెనుక ఆహారపానీయాల పరిశోధన కూడా ఉంది. 1952 నాటి చో ఓయు యాత్రలో శరీరధర్మ శాస్త్రవేత్త గ్రిఫిత్ ప్యూ ఆరోహకులను దగ్గరగా పరిశీలించారు. ఎత్తుకు పోయేకొద్దీ ఆకలి మందగిస్తుంది. కొవ్వు పదార్థాలు సహించవు, తీపి మాత్రం రుచిస్తుంది. చల్లని పొడిగాలిని వేగంగా పీల్చి వదలడం వల్ల ఒంట్లోని నీరు తరిగిపోతుంది; దాహమో, ఆ లోటును సరిగా తెలియజేయదు. అందుకే రోజుకు దాదాపు మూడు లీటర్ల ద్రవం, దండిగా చక్కెర అవసరమని ప్యూ నిర్ణయించారు. చుట్టూ ఉన్నది మంచే గనుక, ఈ నియమం చివరికి స్టవ్వుల, ఇంధనపు లెక్కగా మారింది. అయినా దళనాయకుడు జాన్ హంట్ రాసిన 'ది అసెంట్ ఆఫ్ ఎవరెస్ట్'లో ఈ ఆహారచర్చకు దక్కింది అనుబంధంలో చోటు మాత్రమే. ప్యూ సమగ్ర జీవితచరిత్ర 2013లో వెలువడింది. రాసినది ఆయన కుమార్తె హ్యారియెట్ టకీ.