లాక్రాస్ ఆట దేశసంచారం

2023వ సంవత్సరం అక్టోబరు నెలలో అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం ముంబయి నగరంలో సమావేశమై, 2028లో లాస్ ఏంజిలిస్‌లో జరుగనున్న పోటీలలో మరి ఐదు క్రీడలను చేర్చుటకు అంగీకరించినది. అందులో క్రికెట్ ఒకటి. మన పత్రికలకు ఆనాడు ఆ ఒక్క మాటే చాలినది, అది సహజమే. ఆ ఐదింటిలోనే లాక్రాస్ అను మరొక ఆట ఉన్నదని గమనించినవారు మనలో బహు కొద్దిమంది. క్రికెట్ వలెనే అదియు శతాబ్దానికి పైగా గడచిన పిమ్మట పతకాల పట్టికలోనికి తిరిగి వచ్చుచున్న ఆట. 1904లోను, 1908లోను దానిని ఒలింపిక్ పతకాల కొరకు ఆడినారు.

ఆట చూడనివారి కొరకు ఒక మాట. ఆటగాని చేతిలో పొడవైన కర్ర, దాని కొనకు చిన్న వలసంచి ఉండును. రబ్బరు బంతిని ఆ వలలో పట్టుకొని పరుగెత్తవలెను, తోటివానికి విసరవలెను, తుదకు ఎదుటివారి గోలులోనికి కొట్టవలెను. బంతిని చేతితో తాకరాదు. మైదానంలో ఆడు పురుషుల ఆటలో పక్షానికి పదిమంది. హాకీలోని కర్ర, ఫుట్‌బాల్‌లోని పరుగు, చెడుగుడులోని ఒరిపిడి ఒకచోట చేరినవనుకొన్నచో ఇంచుమించు సరిపోవును.

ఈ ఆటకు పుట్టినిల్లు ఉత్తర అమెరికా తూర్పుభాగపు అడవులు, సరస్సుల సీమ. అక్కడి ఆదివాసి జాతులు అనేకం దీనిని ఆడినవి. వారిలో ఇరోక్వా అని ఇతరులు పిలిచెడు హోడెనోషోనీలు ముఖ్యులు. మోహాక్, ఒనైడా, ఒనొండాగా, కయూగా, సెనెకా, టస్కరోరా అను ఆరు జాతుల సమాఖ్య అది. వారికి ఇది వినోదం మాత్రమే కాదు. సృష్టికర్త ప్రసాదించిన ఆట. రోగికి స్వస్థత కలుగవలెనని ఆడుదురు. మగశిశువు ఉయ్యాలలో చిన్న కర్రను ఉంచుటయు, మరణించినవానితో అతని కర్రను సాగనంపుటయు వారి ఆచారం. 1630 దశకంలో హ్యూరన్ జాతివారి నడుమ నివసించిన జాన్ ద బ్రెబూఫ్ అను ఫ్రెంచి మతబోధకుడు ఈ ఆటను గురించి వ్రాసినాడు. లాక్రాస్ అను పేరు కూడ ఫ్రెంచివారు పెట్టినదే.

1763లో ఒక విచిత్రం జరిగినది. మిషిలిమాకినాక్ అను ఆంగ్లేయుల కోట ముందు ఓజిబ్వే, సాక్ జాతులవారు జూన్ నెలలో ఆట మొదలుపెట్టినారు. సైనికులు కోట వెలుపలికి వచ్చి నిలుచుండి, ఆదమరచి చూచుచున్నారు. బంతి ఎగిరి కోటవైపు పడినది. దాని వెంట ఆటగాండ్రు పరుగెత్తినారు. వారి స్త్రీలు దుప్పట్ల క్రింద దాచియుంచిన ఆయుధాలు వారి చేతికి వచ్చినవి. కోట వారి వశమైనది. ఆటను ఆటగా మాత్రమే చూచువారికి చరిత్ర ఇట్టి పాఠాలు అప్పుడప్పుడు నేర్పుచుండును.

తెల్లవారి చేతిలో ఈ ఆట రూపు మార్చినవాడు మాంట్రియల్ నగరపు దంతవైద్యుడు విలియం జార్జి బీర్స్. 1867లో అతడు నియమావళిని స్థిరపరచినాడు. మైదానానికి హద్దులు, జట్టుకు లెక్క, తోలుబంతికి మారు రబ్బరుబంతి ఏర్పడినవి. 1876లో మాంట్రియల్ జట్టును, మోహాక్ జట్టును వెంటబెట్టుకొని ఇంగ్లండుకు పోయి, విండ్సర్‌లో విక్టోరియా రాణి ఎదుట ఆడించినాడు. నాలుగేండ్లు తిరుగలేదు. 1880లో కెనడా జాతీయ లాక్రాస్ సంఘం ఆదివాసులను తన పోటీల నుండి తొలగించినది. వారు డబ్బు పుచ్చుకొని ఆడుచున్నారు గనుక వృత్తిక్రీడాకారులట! ప్రయాణ వ్యయం భరించలేని పేదలకు ఆ డబ్బు తప్ప గత్యంతరం ఏమున్నదో ఆ పెద్దమనుష్యులు విచారించినట్లు కనబడదు. ఆట ఎల్లలు దాటుటయు, ఆట పుట్టించినవారు ఎల్ల వెలుపల నిలుచుటయు ఒక్క కాలంలోనే జరిగినవి.

స్త్రీల ఆట మరొక దారిని నడచినది. లూయీసా లమ్స్‌డెన్ అను విద్యావేత్త 1884లో కెనడాలో ఈ ఆట చూచి ముచ్చటపడినది. 1890లో స్కాట్లండులోని సెయింట్ లెనార్డ్స్ బాలికల పాఠశాలలో అది ప్రవేశించినది. అక్కడ చదివిన రోజబెల్ సింక్లేర్ 1926లో బాల్టిమోర్‌లోని బ్రిన్ మార్ పాఠశాలలో బాలికల జట్టును నిలిపినది. అమెరికాలో పుట్టిన ఆట అమెరికా బాలికలకు అట్లాంటిక్ సముద్రం రెండుమార్లు దాటి చేరినదన్నమాట.

అమెరికా కళాశాలలలో తొలిజట్టు 1877లో న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో ఏర్పడినది. తరువాత బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్ దీనికి పెట్టనికోట అయినది. అయినను దాదాపు నూరేండ్లు ఆట బాల్టిమోర్, లాంగ్ ఐలండ్, న్యూయార్క్ రాష్ట్రపు ఉత్తరభాగం దాటి పెద్దగా పోలేదు. ఇందుకు ఒక కారణం కర్రయే. హికరీ చెట్టు కొయ్యను ఆవిరికి వంచి, నెలల తరబడి ఆరబెట్టి, తోలుత్రాళ్ళతో వల అల్లు నేర్పు ఆదివాసి పనివారిది. సెయింట్ లారెన్స్ నదిలోని కార్న్‌వాల్ దీవిలో మోహాక్‌లు పనిచేయు కర్రల కర్మాగారం 1968లో అగ్నికి ఆహుతియైనది. 1970 ప్రాంతంలో ప్లాస్టిక్ తల గల కర్ర బజారుకు వచ్చినది. తేలిక, ఒకదానికొకటి తేడా లేదు, ఎన్నైనను తయారుచేయవచ్చును. కొయ్యకర్రకు జీవమున్నదని నమ్మిన వృద్ధులు నొచ్చుకొన్నారు గాని, కొలరాడోలోను కాలిఫోర్నియాలోను పిల్లలకు కర్ర దొరికినది.

1971లో పురుషులకు జాతీయ కళాశాలల పోటీ ఆరంభమై, తొలి విజయం కార్నెల్‌కు దక్కినది. మరుసటి ఏడు వచ్చిన ‘టైటిల్ నైన్’ అను శాసనం ప్రభుత్వ ధనం పొందు విద్యాలయాలలో స్త్రీపురుష భేదాన్ని నిషేధించినది. బాలికల జట్లు పెరుగుటకు అది గొప్ప ఊతమైనది. ఇలినాయ్‌లోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం కొన్నేండ్లు మూతపడిన తన స్త్రీల జట్టును 2002లో పునరుద్ధరించినది. శిక్షకురాలు కెల్లీ అమాంటే హిల్లర్‌కు ఆట నేర్చిన పిల్లలు చాలినంతమంది దొరకలేదు. ఆవరణలో పరుగెత్తుచున్న కవల సోదరీమణులను చూచి, ఎన్నడూ కర్ర పట్టనివారిని జట్టులో చేర్చుకొన్నది. 2005లో ఆ జట్టు ఒక్క ఆటయైన ఓడక జాతీయ విజేత అయినది. పురుషులలో, ప్రిన్స్‌టన్‌కు ఆరుమార్లు విజయం తెచ్చిన బిల్ టియర్నీ 2009లో రాకీ పర్వతాల దాపునున్న డెన్వర్‌కు తరలిపోయినప్పుడు చాలమంది విస్తుపోయినారు. 2015లో డెన్వర్ 10–5 తేడాతో మేరీలండ్‌ను ఓడించినది.

ఇంతటి వ్యాప్తికి తోడుగా ఒక జాడ్యం కూడ వచ్చినది. పురుషుల జట్టు మొత్తానికి పన్నెండున్నర చిల్లర పూర్తి విద్యార్థివేతనాలు మాత్రమే ఇయ్యవచ్చునని 2025 వరకు నియమం ఉండెను. నలుబది, ఏబదిమంది దానిని పంచుకొనవలెను. కావున వేతనంకంటె పేరుగల కళాశాలలో ప్రవేశమే పెద్ద బహుమానమైనది. వేసవి పోటీలకు తల్లిదండ్రులు పిల్లలను వేలమైళ్ళు త్రిప్పిరి. శిక్షకులు ఒకరికంటె ఒకరు ముందుపడి, ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లల నుండియే నోటిమాటలు పుచ్చుకొనసాగిరి. గొంతు మారని బాలుడు నాలుగేండ్ల తరువాత చేరబోవు విశ్వవిద్యాలయాన్ని ప్రకటించుట! ఆరవ తరగతి పిల్లవానిని ఐ.ఐ.టి. శిక్షణలో కూర్చుండబెట్టు మన తల్లిదండ్రులకు ఇది అంత వింతగా తోచకపోవచ్చును. తుదకు శిక్షకులే విసిగి మొరపెట్టుకొనగా, పదకొండవ తరగతి సెప్టెంబరు ఒకటవ తేదీకి ముందు ఆ పిల్లలతో సంభాషింపరాదని 2017 ఏప్రిల్‌లో శాసించినారు.

మరి మొదటివారి సంగతి? 1957లో ఓటమి ఎరుగని సిరక్యూజ్ జట్టుకు గోలు కాచినవాడు ఒరెన్ లయన్స్ అను ఒనొండాగా యువకుడు. ఆయనయే తదుపరి పెద్దలతో కలసి 1983లో ఇరోక్వా జాతీయ జట్టును స్థాపించినాడు. ఆ జట్టువారు తమ సమాఖ్య పాస్‌పోర్టులతోనే ప్రయాణం చేయుదురు. 2010లో బ్రిటన్ ఆ పాస్‌పోర్టులను అంగీకరింపనందున మాంచెస్టర్‌లో జరిగిన ప్రపంచపోటీకి పోజాలకపోయినారు; అమెరికా పాస్‌పోర్టు పుచ్చుకొని పోవుటకు మాత్రం ఒప్పుకొనలేదు. 2014లో ఆల్బనీ విశ్వవిద్యాలయానికి ఆడిన మైల్స్, లైల్ థాంప్సన్ సోదరులు కళాశాల క్రీడాకారులలో ఉత్తములకిచ్చు టెవారటాన్ బహుమానాన్ని కలసి అందుకొన్నారు. మోహాక్ భాషలో ఈ ఆటకున్న పేరే ఆ బహుమానానికి పెట్టినారు. దానిని ఆదివాసులు అందుకొనుట అదే ప్రథమం. బర్మింగ్‌హామ్‌లో 2022లో జరిగిన ప్రపంచ క్రీడలకు మొదట వారి జట్టును పిలువలేదు. వారికి చోటు కల్పించుటకై ఐర్లండు తన స్థానాన్ని వదలుకొన్నది.

లాస్ ఏంజిలిస్ విషయంలో మాత్రం చిక్కు పెద్దది. జాతీయ ఒలింపిక్ సంఘాలు మాత్రమే జట్లను పంపవలెనని నిబంధన. హోడెనోషోనీలను తమ ధ్వజం క్రిందనే ఆడనీయవలెనని అధ్యక్షుడు బైడెన్ 2023 డిసెంబరులో కోరినాడు. వారు అమెరికా జట్టులోనో కెనడా జట్టులోనో చేరవచ్చునని ఒలింపిక్ సంఘం బదులు చెప్పినది. 1904లో సెయింట్ లూయీలో మూడవస్థానం పొందిన జట్టు మోహాక్‌లదే. ఆనాటి పతకం నేటికిని కెనడా పద్దులోనే ఉన్నది.